నూట పన్నెండో నంబరు ప్లేటు

పోయిన వారం మైక్‌సెట్ వీరభద్రాన్ని మనం హన్మకొండ చౌరస్తాలో, చేతిలో సగం కొరికిన మిర్చి బజ్జీతో చూశాం. ఆ బజ్జీని ఆయన మళ్ళీ నోట పెట్టలేదు. కిషన్ రావు క్యాసెట్ దుకాణం ముందు వేలాడదీసిన స్పీకరు డబ్బాలోంచి ఒక పాట వచ్చి ఆయన ఆకలిని చంపేసింది. ఎవరో కొత్త పిల్ల గొంతు, కీబోర్డు మోత, నడుమ నడుమ ఈలలు. "బాయి కాడి బావయ్యా, ఓ బావయ్యా, తాడు గుంజితే రావేమయ్యా, ఓ బావయ్యా" అంటూ.

ఆ బాణీ వీరభద్రానికి బాగా తెలుసు. అది బావ పాట కాదు, సరసం పాట అంతకన్నా కాదు. స్టేషన్ ఘన్‌పూర్ మొగిలమ్మ, బావి తవ్వుతుంటే గడ్డ కూలి లోపలే ఉండిపోయిన తమ్ముడు పోశయ్య కోసం కట్టుకున్న ఏడుపు. యాభై ఎనిమిదిలో ఆమె గొంతుతోనే గ్రామఫోన్ రికార్డుగా వచ్చింది. వరంగల్ చుట్టుపక్కల ఎవరింట్లో దినాలైనా, స్టేషన్ రోడ్డు వీరభద్రం మైక్‌సెట్ వచ్చిందంటే ఆడవాళ్ళు అడిగి మరీ పెట్టించుకుని కడుపారా ఏడ్చిన పాట అది. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత అది క్యాసెట్టయి కూర్చుంది. అట్ట మీద ఎర్రటి అక్షరాలతో "రచన, బాణీ: కిషన్ రావు" అని అచ్చేశారు. వీరభద్రం నిలదీస్తే కిషన్ రావు చాలా మర్యాదగా, "అవ్వ పేరు ఏడనన్న అచ్చయి ఉంటె చూపియ్యన్నా, గంటల అట్ట మార్పిస్త" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఈయన ప్యాసింజరు బండెక్కి ఘన్‌పూర్ పోయాడు. యాసంగి వరి నాట్లలో వంగి ఉన్న మొగిలమ్మను కాళ్ళ బురద కడుక్కోమని చెప్పి, వెంటబెట్టుకుని వచ్చాడు.

వచ్చే బుధవారం మేడారం జాతర. అయిదు వేల క్యాసెట్లు అట్టపెట్టెల్లో తయారుగా ఉన్నాయి. అవి జాతరకు చేరి లక్షల మంది చెవిన పడ్డాయంటే పోశయ్య ఇక ఎప్పటికీ బావయ్యే. కథ అక్కడ ఆగింది.

తెల్లారి భార్య అనసూయమ్మ చాయ్ కాచి మొగిలమ్మకు గ్లాసు అందించేసరికి, వీరభద్రం నడింట్లోకి లాక్కొచ్చిన రికార్డుల ఇనుప పెట్టె ముందు చతికిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఆ పెట్టె ఎడ్లబండి ఎక్కిందంటే ఊళ్ళో పిల్లలంతా వెనక పరుగెత్తేవాళ్ళు. ఇప్పుడది మెట్ల కింద ఉల్లిగడ్డ బస్తా పక్కన పడి ఉంటోంది. ఒక టేప్ రికార్డరు, రెండు డబ్బాలు కొనుక్కున్న ప్రతివాడూ తానూ మైక్‌సెట్ వాణ్ణేనంటూ తిరుగుతున్నాడు. రికార్డు మీద దుమ్ము ఎలా తుడవాలో, ముల్లు ఎప్పుడు మార్చాలో వాళ్ళకు అక్కరలేదు. వీరభద్రానికి ఈ కోపం ఏడేళ్ళుగా ఉంది. అన్నం దగ్గర కూడా అదే మాట. వినీ వినీ అనసూయమ్మ చెవులు మొద్దుబారాయి.

పాత పేపర్ల పొరలు విప్పి, విప్పి, ఆయన ఒక నల్లటి గ్రామఫోన్ ప్లేటును బయటికి తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు.

"ఒకపారి ఈడ్నే పెట్టరాదు? ఆమె కూడ వింటది గద," అంది అనసూయమ్మ.

"ఎట్ల పెట్టాలె? మిషన్ల రబ్బరు చక్రం గట్టివడ్డది, తిరుగుతలేదు. సికింద్రాబాద్ దాంక పోయొచ్చిన. చక్రం ఉన్నదా అంటె దుకాణపోడు నా మొకం చూసి నవ్విండు."

"సరే తియ్యి. పలగ్గొట్టకుంట తీస్కపో."

"నేను పలగ్గొడ్తనా? ముప్పై ఏండ్ల సంది ఒక్క ప్లేటు పలగలే నా చేతిల."

ఇది పచ్చి అబద్ధం. మొగిలమ్మ ప్లేట్లే ఆయన మూడు కొన్నాడు. ఒకటి జనగామలో ఒక పెద్దమనిషి చూసుకోకుండా కూర్చుంటే రెండు ముక్కలైంది. ఇంకొకటి వర్ధన్నపేట ఎండలో అప్పడంలా వంగిపోయింది. మిగిలింది ఇదొక్కటే. ఆ సంగతి అనసూయమ్మకు తెలుసు, అయినా ఇంటికొచ్చిన మనిషి ముందు మొగుణ్ణి చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకుంది.

మొగిలమ్మ గడప పక్కన కూర్చుని చాయ్ ఊదుకుని తాగుతోంది. యాభై రెండేళ్ళ మనిషి. ఎండకు కమిలిన ముఖం, నాట్లేసి వేసి పాచిన వేళ్ళు. రాత్రి నుంచి పది మాటలు మాట్లాడి ఉంటే ఎక్కువ. కానీ ఆ ప్లేటు బయటికి వచ్చినప్పుడు గ్లాసు కింద పెట్టి, దాని వైపే చూస్తూ కూర్చుంది.

"ఫికర్ జెయ్యకు చెల్లె," అన్నాడు వీరభద్రం, ప్లేటును తువ్వాలలో చుడుతూ. "ఇయ్యాల వాని తిక్క కుదురుస్త. వాని అయిదు వేల అట్టలు వానితోనే చింపిస్త."

సిటీ బస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు. వీరభద్రం ప్లేటును రొమ్ముకు అదుముకుని, ఒరిగిన ప్రతివాణ్ణీ తిడుతూ, కండక్టరుతో కూడా గొడవపడి, మొగిలమ్మతో హన్మకొండ చేరాడు. దిగేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. కోపం మాత్రం చెక్కుచెదరలేదు.

కిషన్ రావు దుకాణం నిండా అద్దాలే. అద్దాల వెనక వరసలుగా క్యాసెట్లు, సినిమావి, భక్తివి, బుర్రకథలవి. లోపల నలుగురైదుగురు ఏరుకుంటున్నారు. కిషన్ రావుకు ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. సఫారీ డ్రెస్సు, దువ్వి పక్కకు తిప్పిన జుట్టు, ఎవరినీ నొప్పించని మాట. అదే వీరభద్రానికి ఎక్కువ మంట. ఎదురు తిరిగి నాలుగు తిడితే తానూ తిట్టవచ్చు కదా. ఈ మనిషి ఆ అవకాశం ఇవ్వడు.

"రా అన్నా, రా. కూసో అవ్వా," అని రెండు స్టూళ్ళు జరిపాడు. "చాయ్ చెప్పనా?"

"చాయ్ తాగనీకి రాలే. ముందుగాల గా పాట బంద్ చెయ్యి," అన్నాడు వీరభద్రం.

కిషన్ రావు చెయ్యి చాపి మీట నొక్కాడు. చౌరస్తాలో రిక్షాల గంటలు, బస్సుల హారన్లు ఒక్కసారిగా వినిపించాయి. మొగిలమ్మ కూర్చోలేదు. బల్లకు అవతల నిలబడి, స్పీకరు డబ్బానే చూస్తోంది. పాట మార్చారని దారిలో వీరభద్రం ఆమెకు చెప్పాడు గానీ, ఎలా మార్చారో చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు దుకాణంలో అడుగు పెడుతూనే ఆ పాటలోని రెండు పాదాలు ఆమె చెవిన పడ్డాయి.

"ఈమెనే మొగిలమ్మ," అన్నాడు వీరభద్రం. "నీ కండ్ల ముంగటనే ఉన్నది. పాట కట్టింది ఈమె, పాడింది ఈమె. నువ్వు రచన అని రాసుకున్నవ్. సిగ్గుండాలె."

"అన్నా, జర నా మాట ఇను. నేను ఈ అవ్వకు అన్యాయం చెయ్యాలని చెయ్యలే. జానపదం అంటె ఏంది? ఊరోళ్ళ పాట. ఎవరు కట్టిండ్రో ఎవరికి ఎరుక? నాట్లకాడ ఒకరంటరు, కోతలకాడ ఇంకొకరంటరు. నేను దానికి కొత్త మాటలు పెట్టిన, మ్యూజిక్ పెట్టిన. కంపెనీ అట్ట మీద ఎవలదో ఒకలది పేరుండాలె అంటది, నా పేరు పెట్టిన."

"ఊరోళ్ళ పాట నీకు ఏడ దొరికింది? ఊరికి పోయినవా?"

"నువ్వే ఇస్తివి గదన్నా," అన్నాడు కిషన్ రావు, ఇంకా మర్యాదగానే. "పోయినేడు నీ పెట్టె అంత నా తానకు పంపితివి. ప్లేట్లు పలుగుతయ్, క్యాసెట్ల ఎక్కిస్తె పదిలంగ ఉంటయ్ అంటె సంబురపడి పంపితివి."

వీరభద్రం ప్లేటును ఇంకాస్త దగ్గరికి అదుముకున్నాడు. అది నిజమే. పంపాడు. పైగా ఎవరు అడిగినా గొప్పగా చెప్పుకున్నాడు. ఆ సిగ్గు కూడా కలిసి కోపం ఇంకాస్త పెరిగింది.

"పదిలంగ ఉంటయంటివి. గిదేనా పదిలం? క్యాసెట్ అంటె ఏంది? పట్టెడు రిబ్బను. ఇయ్యాల దాని మీద ఒకని గొంతు, రేపు దాన్నే చెరిపి ఇంకొకని గొంతు. అట్ట మీద ఎవనికి తోచింది వాడు రాసుకుంటడు. ప్లేటు గట్ల కాదు. ప్లేటు మీద ఒకపారి గీత వడ్డదంటె వడ్డదే. ఎవని తాత వచ్చినా చెరుపలేడు."

"ఎందరు విన్నరన్నా నీ ప్లేటు?" కిషన్ రావు బల్ల మీదికి వంగాడు. "నువ్వు పోయిన ఊరోళ్ళు విన్నరు. నువ్వు పెట్టెకు తాళం ఏసిననాడు పాట కూడ పండుకున్నది. నా క్యాసెట్ లారీల మోగుతది, హోటళ్ళ మోగుతది. ములుగు అడవిల జీపోడు పెట్టుకుంటడు. నీ రికార్డు పెట్టెటానికి ఇయ్యాల హన్మకొండల ఒక్క మిషన్ ఉన్నదా? నా తాన ఉన్నది కూడ అమ్మిన. ఇప్పుడు అంత ఒక క్యాసెట్‌కెల్లి ఇంకో క్యాసెట్‌కే ఎక్కించుడు."

దుకాణంలో క్యాసెట్లు ఏరుకుంటున్నవాళ్ళు ఏరడం మానేశారు. ఒకాయన నిజమేనన్నట్టు తలూపాడు. ఆ తల ఊపడం వీరభద్రం కంట పడింది. ఆ మాటలో కొంత నిజం ఉందని ఆయనకూ తెలుసు కాబట్టే ఒళ్ళు మరింత మండింది.

"మోగితె మోగనియ్యి. పేరు పెట్టి మోగియ్యి," అని తువ్వాల విప్పి, ప్లేటును బల్ల మీద పెట్టాడు. "అచ్చయిన పేరు చూపియ్యమంటివి గద. సూడు."

కిషన్ రావు ప్లేటును అంచులతో పట్టుకుని దగ్గరికి తీసుకున్నాడు. పనితనం తెలిసినవాడే, వేలు గీతల మీద పడనివ్వలేదు. నడుమ గుండ్రటి చోట అతికించిన తెల్ల కాగితాన్ని చూసి, పైకే చదివాడు.

"వీరభద్ర సౌండ్ సర్వీస్, స్టేషన్ రోడ్, వరంగల్. నంబరు నూట పన్నెండు."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"అన్నా, ఇందుల పేరున్నది. నీ పేరు."

"అది నా చీటీ," అన్నాడు వీరభద్రం విసుగ్గా. "మైక్‌సెట్ ముచ్చట తెల్వనోని లెక్క మాట్లాడకు. పెద్ద పెండ్లి అయితె పిల్లదిక్కు ఒక మైకు, పిలగాని దిక్కు ఒక మైకు. తెల్లారెటాలకు ఎవని ప్లేటు ఎవని పెట్టెల ఉంటదో దేవునికెరుక. గందుకే అందరం ఎవని చీటీ వాడు అతికిస్తుంటిమి. దాని కింద ఉన్నది అసలు కాయితం. ఆమె పేరు అందుల ఉన్నది."

"అయితె తియ్యి అన్నా. నీళ్ళియ్యనా?"

స్టీలు గ్లాసులో నీళ్ళు వచ్చాయి. వీరభద్రం తువ్వాల కొస తడిపి, చీటీ మీద మెల్లగా అద్దాడు. పాతికేళ్ళు దాటిన మైదా ముద్ద. ముందు కాగితం పసుపు రంగుకు తిరిగింది, తర్వాత ఒక పక్క బుడగ లేచింది. ఆయన గోటితో ఆ అంచు లేపాడు. ఇప్పుడు కనబడతాయి, ముదురు ఎరుపు మీద బంగారు రంగు అక్షరాలు. కొన్న రోజున చదివింది ఆయనకు ఇంకా గుర్తే.

చీటీ సగం పైకి వచ్చింది. కింద ఎరుపు ఉంది. అక్షరాలు లేవు. ఎరుపు మీద అడ్డదిడ్డంగా తెల్లటి గీతలు, పిల్లి గీకినట్టు. ఇంకాస్త లేపాడు. అక్కడా గీతలే.

వీరభద్రం చెయ్యి ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. రికార్డు మీద కంపెనీ కాగితం నున్నగా ఉంటుంది. మైదా ముద్ద దాని మీద నిలవదు, నాలుగు రోజులకే చీటీ ఊడిపోతుంది. అందుకని కొత్త ప్లేటు ఇంటికి రాగానే, చాప మీద కూర్చుని, నడిమి కాగితాన్ని గరుకు కాగితంతో గరగరా రుద్దేవాడు. రుద్ది, ఊది, ముద్ద పూసి, చీటీ అతికించేవాడు. రెండు వైపులా. రెండు వందల ప్లేట్లకు అలాగే చేశాడు. మంచి పనివాడినని మురిసిపోతూ చేశాడు. అందులో నూట పన్నెండోది ఇది.

తిప్పి చూడాల్సిన పని లేదు. అయినా తిప్పాడు. రెండో వైపు కూడా తన చీటీయే.

"ఏమున్నది సేటూ?" అని అడిగింది మొగిలమ్మ. దుకాణానికి వచ్చాక ఆమె మాట్లాడడం అదే మొదలు. "నా పేరు ఏది?"

వీరభద్రానికి ఒక్క క్షణం అబద్ధమాడాలనిపించింది. ఆమెకు చదువు రాదు. కానీ ఎదురుగా కిషన్ రావు ఉన్నాడు, చుట్టూ చదువొచ్చిన నలుగురున్నారు.

"లేదు చెల్లె."

"కంపెనీవోడు పెట్టలేదా?"

"పెట్టిండు. నేనే గీకిన."

"ఎందుకు గీకినవ్?"

ఆయన గొంతు తగ్గిపోయింది. "మైదా అంటుకోవాలె అని."

మొగిలమ్మ ముఖంలో అంతదాకా లేని రంగు వచ్చింది. ఆమె అరవలేదు. అరిచి ఉంటే వీరభద్రానికి కొంత నయంగా ఉండేది.

"మా దిక్కు ఊర్లల్ల దినాలయితె నేను కూడ వస్తుంటి," అంది. "నా పాట మోగుతుంటె నీ పెట్టె కాడికి వచ్చి నిలవడుతుంటి. ప్లేటు ఆగినంక గా తెల్ల కాయితం దిక్కు చూస్తుంటి. నాకు సదువు రాదు గద. గవి నా పేరే అనుకున్న. పొడుగ్గున్నది, మా తమ్ముని పేరు కూడ రాసిండ్రు కావచ్చు అనుకున్న. నువ్వు పక్కన్నే కుర్చీల కూసోని బీడీ తాగుతుంటివి. ఇది నీ పేరు గాదు మొగిలమ్మా, నా దుకాణం పేరు అని ఒక్కపారన్న చెప్పకపోతివి."

"నువ్వు అడగలే చెల్లె."

"నువ్వు చెప్పలే."

వీరభద్రం తల వంచుకున్నాడు. రైలెక్కి వెళ్ళి, మడిలోంచి ఆమెను లేపుకొచ్చి, బస్సంతా తిట్టుకుంటూ తెచ్చిన కోపం ఇప్పుడు ఎవరి మీద పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. కిషన్ రావు ఒక్క పేరు దొంగిలించాడు. తాను రెండు వందల ప్లేట్ల మీద పేర్లు గీకి, పైన తన పేరు అతికించుకున్నాడు. వాళ్ళలో ఎవరెవరు బతికి ఉన్నారో, ఎవరి పాట ఇక ఎవరిదని చెప్పాలో ఆయనకు తెలియదు. తన చెంప తానే వాయించుకోవాలన్నంత కోపం వచ్చింది, తన మీద తనకే.

కిషన్ రావు గొంతు సవరించుకున్నాడు. "పోనియ్యి అన్నా, జరిగింది జరిగింది. నేను రాతిమనిషిని కాను. మళ్ళొక్కపారి అట్టలు కొట్టించినప్పుడు కింద చిన్నగ, సహకారం మొగిలమ్మ అని పెట్టిస్త. అవ్వకు ఒక చీర పెడ్త. సరేనా?"

"నీ అట్ట మీద నా పేరు పెట్టకు," అంది మొగిలమ్మ.

"ఏందవ్వా?"

"వద్దంటున్న. నా పేరు లేకపోతె పాయె. ఇన్నొద్దులు లేదు, ఇప్పుడు కూడ లేకపోతె పాయె. మా పోశయ్యను బావను ఎందుకు జేసినవ్?" ఆమె రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. "వాడు నా చేతుల పెరిగినోడు. పద్దెనిమిదేండ్లు. బాయిల గడ్డ కూలినప్పుడు పైన తాడు పట్టుకున్నది ఎవరనుకున్నవ్? నేనే. గుంజిన. బరువు లేదు. ఉత్త తాడు పైకొచ్చింది. గదే పాటల పెట్టిన, వేరేది కట్టనీకి నాకు రాదు. నువ్వు ఆ తాడుకు ఈలలు ఏపించినవ్."

తల ఊపినాయన చేతిలో ఉన్న క్యాసెట్టును వెనక్కి పెట్టేశాడు.

కిషన్ రావు కూడా ఒక్క క్షణం కళ్ళు దించుకున్నాడు. కానీ అతను వ్యాపారస్థుడు, పెట్టెలు కట్టి ఉన్నాయి. "అది నిజంగ జరిగిందని నాకు తెల్వదవ్వా. కని ఏడుపు పాట జాతరల ఎవరు కొంటరు? మొక్కు చెల్లించి, బెల్లం పెట్టి, సంబురంగ పోయెటోళ్ళు."

"కొనకపోతె పాయె. వింటరు," అంది మొగిలమ్మ. "నేను మేడారం వస్త. ఆడ నువ్వు పెట్టే దుకాణం ముంగట నిలవడి పాడ్త. దినాలల్ల ఇన్నోళ్ళు జాతరల వేల మంది ఉంటరు. ఎవరు బావనో ఎవరు తమ్ముడో వాళ్ళే చెప్తరు." వీరభద్రం వైపు తిరిగింది. "సేటూ, మైకు పెడ్తవా?"

"పెడ్త."

"ఈన వద్దన్నా?"

"ఎవడు వద్దన్నా పెడ్త. నాలుగు మైకు బూరలు కడ్త. అమ్మవార్ల గద్దె దాంక ఇనవడాలె," అన్నాడు వీరభద్రం. చాలాసేపటికి ఆయన గొంతు మళ్ళీ ఆయన గొంతులా వచ్చింది. "పాడు చెల్లె. ఈడ్నే ఒకపారి పాడు. ఈన కూడ ఇననీ."

మొగిలమ్మ కొంగు బొడ్లో దోపుకుంది. కళ్ళు మూసుకుని అందుకుంది. వయసుకు బీటలు పడ్డ గొంతు, కానీ బాణీ తొణకలేదు.

"బాయిల దిగిన తమ్ముడా, పోశయ్యా
తాడు గుంజితే బరువు లేదు, పోశయ్యా.
గంపల మన్ను పైకొచ్చె, పోశయ్యా
గంపెత్తిన చెయ్యి రాదాయె, పోశయ్యా."

బయట అరటిపళ్ళ బండి అతను తూకం ఆపి ఇటు చూశాడు. రోడ్డు దాటుతున్న ఒక ముసలామె అక్కడే నిలబడిపోయింది.

"సద్దిమూట విప్పలేదు, పోశయ్యా
చెట్టు నీడ తిరిగిపాయె, పోశయ్యా.
అమ్మ అడిగితే..."

ఆగింది. కళ్ళు తెరిచింది. మళ్ళీ మూసుకుని, "అమ్మ అడిగితే" అంది. ఇంకోసారి అంది. తర్వాతి మాట రాలేదు.

"యాదికి వస్తలేదు," అంది నెమ్మదిగా.

"నీ పాట నీకు యాదికి రాదా?" అన్నాడు వీరభద్రం, తిడుతున్నట్టే.

"పాడి ఎన్నేండ్లయె సేటూ. రికార్డు చేసిననాడు కంపెనీవోడు చెప్పిండు, ఇగ ఇది ప్లేట్ల వడ్డది, నువ్వు ఏడ పాడొద్దు, పాడితె తప్పయితది అని. మాట ఇచ్చిన. నాట్లకాడ కూడ పాడలే. ఆడోళ్ళు ఎంత బతిలాడినా పాడలే. ప్లేటున్నది గద, వాడు దాంట్ల పదిలంగ ఉన్నడు గద అనుకున్న." ఆమె ప్లేటు అంచును వేలితో తాకింది. "ఆఖరి చరణంల వాడు నాకు మాట చెప్తడు. ఏం చెప్తడో యాదికి లేదు."

వీరభద్రం బల్ల మీది ప్లేటును చూశాడు. ఆ మాట దాని మీదే ఉంది, కళ్ళెదుట, నల్లటి గీతల్లో. దాన్ని పలికించడానికి ఈ ఊళ్ళో మిషన్ లేదు.

కిషన్ రావు సొరుగు లాగాడు. అడుగు నుంచి అట్ట లేని ఒక క్యాసెట్టు తీసి, టేప్ రికార్డరులో పెట్టి, కాస్త ముందుకు తిప్పి మీట నొక్కాడు. ముందు చిటపటలు. ఆ తర్వాత పడుచు గొంతు ఒకటి, దుఃఖంతో నిండుగా, "చెట్టు నీడ తిరిగిపాయె, పోశయ్యా" అంది. మొగిలమ్మ బల్లను పట్టుకుంది. "అమ్మ అడిగితే" అన్నంత వరకు రానిచ్చి కిషన్ రావు టేపు ఆపేశాడు.

"పోయినేడు నీ ప్లేటుకెల్లి ఎక్కించుకున్నది. ఇదొక్కటే ఉన్నది నా తాన," అన్నాడు. "ఆఖరి చరణం మొత్తం ఉన్నది అవ్వా. ఇనిపిస్త. క్యాసెట్ నీకే ఇస్త, నీ ఇంటికి తీస్కపో. నేను అడిగేది ఒక్కటే." ముందే రాసి పెట్టుకున్న కాగితాన్ని, సిరా డబ్బాను బల్ల మీదికి జరిపాడు. "ఈ పాట నా ఇష్టంతోనే ఇచ్చిన, కిషన్ రావు ఎట్లయినా పాడించుకోవచ్చు అని రాసి ఉన్నది. ఏలిముద్ర పెట్టు. మేడారంల లొల్లి ఉండొద్దు."

"వారీ," అంటూ వీరభద్రం టేప్ రికార్డరు మీదికి దూకాడు.

కిషన్ రావు కదలలేదు. రికార్డు చేసే ఎర్ర మీట మీద ఒక వేలు, పక్క మీట మీద ఒక వేలు పెట్టాడు. "గుంజుకోకు అన్నా. రెండు నొక్కితె చెరిగిపోతది. రిబ్బనే గదా, నువ్వే అంటివి."

వీరభద్రం చేతులు గాలిలోనే ఆగిపోయాయి. అలాంటి కోపం ఆయన అరవై ఏళ్ళ బతుకులో ఎరగడు. అయినా చెయ్యి ముందుకు పోలేదు. టేపు ఆగిన చోట, ఆ వేళ్ళ కింద, పోశయ్య అక్కకు చెప్పిన మాట ఉంది.

"చెల్లె, పెట్టకు," అన్నాడు. "ప్లేటున్నది. ఏడనన్న మిషన్ దొరుకుతది. బొంబాయి పోయన్న తెస్త. పెట్టకు."

"బుధవారం లోపలనా సేటూ?"

మొగిలమ్మ కాగితం వైపు చూసింది. ఆమెకు చదువు రాదు. అక్షరాలు బారుగా, పొందికగా ఉన్నాయి. తర్వాత ఆగిపోయిన టేపు వైపు, ఎర్ర మీట మీది వేలి వైపు చూసింది. కుడిచేతి బొటనవేలును కొంగుకు గట్టిగా తుడుచుకుంది.

"సిరా డబ్బా మూత తియ్యి," అంది కిషన్ రావుతో.